కొయ్యని కత్తుల కాలం

ఇప్పుడు ఏ ఇంటికి పోయినా వంటగట్టు మీద ఒక చెక్క దిమ్మె, దాని బొక్కల్లో ఆరో ఏడో కత్తులు. పిడులన్నీ ఒకే రంగు. ఒకటి బ్రెడ్డుకట, ఒకటి చీజుకట, ఒకటి చేప ముళ్లు తీయడానికట. మా మానవపాడులో చీజు కోసుకొని తినేవాళ్లు నాకింతవరకు కనబడలేదు. ఇన్ని కత్తులు పెట్టుకొని టమాటా కోయమంటే మాత్రం పైనుంచి ఒత్తి, రసమంతా గట్టు మీదికి కార్చి, చివరికి తోలును చేత్తో పీకుతారు. ఇదేందమ్మా అంటే, "కొత్తదే మామయ్యా, ఆన్‌లైన్‌లో నాలుగున్నర స్టార్లు ఉన్నాయి" అంటుంది మా కోడలు. స్టార్లున్నాయి గానీ అంచు లేదు.

మా రోజుల్లో ఇంటికొక కత్తిపీట, ఒక చాకు, చూరులో చెక్కిన రెండు మూడు కొడవళ్లు. వేట కోసే పెద్ద కత్తి వీధి మొత్తానికి ఒక్కటే. పండగనాడు అది ఏ ఇంట్లో ఉందో వెతకడానికి పిల్లల్ని తరిమేవాళ్లు. ఆ కాస్త ఇనుముతోనే పెళ్లిళ్లు చేశాం, జాతరలు చేశాం, పనుల కోసం దేశం మీద పడి ఏండ్ల తరబడి వండుకొని తిన్నాం. టమాటా నలిగిందని ఎవరూ అనలేదు. టమాటా అంత తరచుగా వచ్చేదీ కాదు, అది వేరే సంగతి.

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఊరు. 1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. తర్వాత మహబూబ్‌నగర్ అన్నారు, 2016 నుంచి జోగులాంబ గద్వాల అంటున్నారు. జిల్లాలు మారినన్నిసార్లు మా ఇంట్లో కత్తిపీట మారలేదు. మా అవ్వ కాపురానికొచ్చిన కొత్తలో చేయించిన ఇనుము అది. కింది చెక్క పుచ్చిపోతే మార్చాం, ఇనుము అదే. సాన పట్టీ పట్టీ సగానికి సన్నబడింది. అది ఇప్పుడు అటక మీద ఉంది. కోడలు దాన్ని యాంటిక్ అంటుంది, పారేయకుండా ఉంచినందుకు సంతోషించమని దాని భావం.

ఆ కాలంలో కత్తి కొనడమనే మాటే లేదు, చేయించడమే. ఊరికొక కొలిమి. కమ్మరి ఆచారికి కొడవలికింత, కర్రుకింత అని లెక్క లేదు. కళ్లం మీద జొన్నలు తూర్పారబట్టిన నాడు ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్లం. దానికి బదులు ఏడాది పొడుగునా నాగలి కర్రు సాగగొట్టాలి, కొడవళ్లకు పండ్లు కొట్టాలి, కత్తిపీటకు పదును పెట్టాలి. అందుకే చెడ్డ కత్తి చేస్తే నష్టం ఆయనకే. వారం తిరగక ముందే అది మళ్లీ కొలిమి దగ్గరికొస్తుంది, కూలి లేని పని పెరుగుతుంది. ఇప్పటి కంపెనీకి కత్తి మొద్దుబారితేనే లాభం, ఇంకోటి అమ్ముకుంటుంది.

కొలిమి ముందు కూర్చుంటే ఆచారి మొదట అడిగేది, "ఎవరి చేతికి?" అని. ముసలామెకా, కొత్త కోడలికా, ఎడమచేతి వాటమా, ఇంట్లో ఎందరు తింటారు, చేపలు తరచుగా తెస్తారా, ఇవన్నీ అడిగేవాడు. ఎడమచేతి వాటం మనిషికి అంచు రెండో వైపు నుంచి దిద్దేవాడు. ఇప్పుడు ఫోనులో ఐదు వందల కత్తులు చూపిస్తారు, ఒక్కటీ నీ చేయి ఏదని అడగదు.

ఇనుము సంగతి కూడా చెప్పాలి. అలంపురం చౌరస్తా దగ్గర పెద్ద రోడ్డు పోతుంది, ఇప్పుడు 44 అంటున్నారు గానీ మా నోటికి ఇంకా ఏడో నంబరు రోడ్డే. ఆ రోడ్డు మీద విరిగిన లారీల కమాను పట్టీలే మా కత్తులు. ఏండ్లకేండ్లు టన్నుల బరువు మోసి వంగి లేచిన ఉక్కు. ఆచారి దాన్ని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, అంచు తీసి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచేవాడు. అక్కడితో అయిపోయిందనుకుంటే తప్పు. ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గానీ బండ మీద పడితే విరిగేంత పెళుసుగా ఉంటుంది. కాబట్టి అంచును రాయి మీద కాస్త తోమి, నిప్పుల మీద మెల్లగా వేడి చూపిస్తే ఎండుగడ్డి రంగు పాకుతుంది. ఆ రంగు కనబడగానే తీసేయాలి. ఇంకాస్త ఆగితే నీలం తిరుగుతుంది, కత్తి మెత్తబడిపోతుంది. థర్మామీటరు లేదు, గడియారం లేదు. అందుకే ఆ పని మిట్టమధ్యాహ్నం చేసేవాడు కాదు. కొలిమి పందిరి కింద చీకటిగా ఉంటేనే రంగు తెలుస్తుందని పొద్దు వాలిందాకా కూర్చోబెట్టేవాడు. పరీక్షకు మా అమ్మ అంచును బొటనవేలి గోటి మీద ఆనించేది. జారితే వెనక్కి, గోటిని పట్టుకుంటే ఇంటికి.

ఇక కత్తిపీట. దీని గురించి పొడుగ్గానే చెబుతాను, వినేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి.

మామూలు కత్తి కదులుతుంది, కూరగాయ కూర్చుంటుంది. కత్తిపీటలో కత్తి కూర్చుంటుంది, కూరగాయ కదులుతుంది. ఇందులో లాభమేందంటే రెండు చేతులూ ఖాళీ. పీటను కాలితో తొక్కిపడితే నీ బరువంతా దానికి ఊతం. గుమ్మడికాయను రెండు చేతులా పట్టుకొని అంచు మీదికి నెడితే రెండు ముక్కలు. అదే గుమ్మడికాయను ప్లాస్టిక్ పలక మీద పెట్టి చైనా కత్తితో పొడిచి, కత్తి ఇరుక్కుపోయి, కాయతో సహా ఎత్తి గట్టుకు కొట్టే దృశ్యం మీ ఇంట్లో మీరు చూసే ఉంటారు. గోంగూర కట్టను పిడికిట పట్టి జరుపుతూ పోతే సన్నగా రాలుతుంది. వంకాయను నాలుగు పక్షాలు చేసి తొడిమ వదలకుండా గుత్తి కూరకు సిద్ధం చేయాలంటే అంచు నిలకడగా ఉండాలి, కాయ చేతిలో తిరగాలి. ముక్క నేరుగా ఉప్పునీళ్ల గిన్నెలోకి పడేది, నల్లబడే సందు లేదు.

తుంగభద్ర చేపలొచ్చిన రోజు చూడాలి. మా అమ్మ పెరట్లో కత్తిపీట వేసి, చేతులకు బూడిద రాసుకొని, పొలుసు పీటకు అటూ ఇటూ రుద్ది దులిపేది. రెక్కలు, తోక, మొప్పలు వరుసగా తీసేది. పిల్లి ఒకటి పక్కనే బుద్ధిగా కూర్చునేది. చేప జారదు, వేలు తెగదు. ఇప్పుడు చేపను కొన్న చోటే కోయించి నల్ల సంచిలో తెస్తున్నారు. ఇంట్లో ఏడు కత్తులున్నవాళ్లు ఊళ్లోకెళ్లి ఇంకొకరి కత్తికి డబ్బులిచ్చి వస్తున్నారు.

కత్తిపీటకు లోపాల్లేవని నేననను. చీకట్లో తగిలి పిక్క కోసుకున్నవాళ్లున్నారు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో పని కాగానే దాన్ని పడుకోబెట్టి గోడ వైపు తిప్పకపోతే అత్త నోరు ఊరంతా వినబడేది. అది దుర్మార్గం కింద లెక్క కాదు, భద్రతాశాఖ అప్పుడు అత్తల చేతిలో ఉండేది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కింద కూర్చొని కోసే మోకాళ్లు ఇప్పుడు లేవు. మా ఇంటామెకే లేవు. మోకాళ్లు పోయాక ఆమె కూడా గట్టు దగ్గర నిలబడే కోస్తుంది, నన్ను చూడగానే కాస్త విసురుగా కోస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు మీద నాకున్నంత కోపం సర్కారు మీద కూడా లేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఏదో ఉక్కు వెతుకుతుంటే తుప్పు పట్టనిది చేతికి చిక్కింది. అందులో క్రోమియం ఎక్కువ. నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకుండా క్రోమియం ఉంటేనే ఆ పేరు. షెఫీల్డ్ అంటే తరతరాలుగా కత్తులు చేసే ఊరు. ఆ ఊరివాళ్లే ఆయన్ను కొయ్యని కత్తులు కనిపెట్టినాయన అని ఎగతాళి చేశారట. ఇది చదివినరోజు నాకు కడుపు నిండింది. వందేండ్ల కిందే చెప్పినారప్పా, మనమే వినలేదు.

న్యాయంగా చెప్పాలంటే తర్వాత ఆ ఉక్కు బాగుపడింది. నిమ్మకాయ, చింతకాయ, పచ్చి మామిడి కోయడానికి అదే మేలు. మా ఇనుప కత్తితో మామిడికాయ కోస్తే ముక్క అంచు నల్లబడుతుంది, నోటికి ఇనుము రుచి తగులుతుంది. మా కత్తిని కడిగి తుడవకుండా వదిలితే తెల్లారేసరికి ఎర్ర తుప్పు. ముగ్గుపిండితోనో ఇటుక పొడితోనో తోమి, ఆముదం చుక్క రాసి పెట్టాలి. ఆ పని చేయడానికి మనిషి కావాలి, మనిషికి ఓపిక కావాలి. కాబట్టి స్టెయిన్‌లెస్ గెలిచింది. పదునులో గెలవలేదు, సోమరితనంలో గెలిచింది.

మా మనవడు హైదరాబాదులో కంప్యూటర్ పని చేస్తాడు. పోయిన దసరాకు ఒక కత్తి తెచ్చాడు. రేకు మీద అలలు అలలుగా గీతలు. "డమాస్కస్ తాతా, పన్నెండు వేలు" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. గీతలు ఉక్కులో పుట్టినవి కావు, పైన అచ్చు కొట్టినవి. నాలుగు రోజులు గిన్నెలు తోమే పీచుతో రుద్దితే మాయమయ్యాయి. వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. ఒరే, డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడిన కత్తులకు ఉక్కు పోయింది మన దిక్కు నుంచే. నిజామాబాదు దిక్కున కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో ఉక్కు కరిగించి ముద్దలు చేస్తే, పర్షియా నుంచి వర్తకులు ఆ ఊరికే వచ్చి కూర్చొని కొనుక్కుపోయేవాళ్లు. దేశాన్ని కొలిచిన ఇంగ్లీషు సర్వే దండుతో వచ్చిన వాయిసీ అనే డాక్టరు ఆ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు, 1832లో అది కలకత్తాలో అచ్చయింది. ఆ ఉక్కులో అలలు లోపలినుంచి తేలేవి, తోమితే పోయేవి కావు. అంత పేరున్న గడ్డ మీద పుట్టి, పీచుకు పోయే గీతలకు పన్నెండు వేలు పోసి వచ్చావు. వాడు ఫోను చూస్తూ, "రిటర్న్ గడువు కూడా అయిపోయింది తాతా" అన్నాడు.

ఆ మనవడే సంక్రాంతి సెలవుల్లో దోస్తులతో సోమశిలకు క్యాంపింగ్ పోయాడు. కొల్లాపూరు పక్కన కృష్ణ ఒడ్డున గుడారాలు వేసుకొని రాత్రి పడుకుంటారట. పోయే ముందు సామాను పరిచి చూపించాడు. మడిచే కుర్చీ, మడిచే పొయ్యి, మడిచే గిన్నె. జేబులో పట్టే ఎర్ర కత్తి ఒకటి, అందులో చాకు, కత్తెర, రంపం, సీసా మూత తీసేది, బెండు తిప్పి లాగేది. స్విట్జర్లాండులో సిపాయిలు డబ్బాలు తెరుచుకోవడానికి, తుపాకులు విప్పుకోవడానికి 1890లలో పుట్టిన వస్తువది. వాళ్లకు అవసరం, వాళ్లు చేసుకున్నారు. వీడు తుపాకీ విప్పేది ఉందా? మేకమాంసం తీసుకుపోతున్నామన్నాడు. ఏలెడంత చాకుతో ఎముక ఎట్లా కొడతావురా అంటే, మారినేట్ చేసిన ముక్కలే డబ్బాలో తెస్తాం అన్నాడు. అంటే కోసినవాడు ఒకడు, కలిపినవాడు ఇంకొకడు. వీళ్లు అడవికి పోయి చేసేది తినడమే.

వీడు గుడారం వేసిన ఆ నీళ్లు ఎక్కడివి? శ్రీశైలం డ్యాము వెనక నీళ్లు. ఆ డ్యాము కట్టిన క్యాంపులో నేనున్నాను. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఏ నది మీద ఆనకట్ట కట్టినా మట్టి మోసింది, రాయి మోసింది మా జిల్లా మనుషులే. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి జనాన్ని కట్టుకొని పోయేవాడు. నేను నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణని మస్టర్లు రాయడానికి తీసుకుపోయారు. మానవపాడులో మీటర్ గేజి బండెక్కి కర్నూలు, అక్కడినుంచి లారీలో ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కి సున్నిపెంట. క్యాంపు అంటే అది. మేం సరదాకు పోలేదు. ఎప్పుడు తిరిగొస్తామో కూడా తెలియకుండా పోయాం.

ఆ మూటల్లో ఏముండేది? ఒక గంజు, ఒక పెనం, రెండు తళియలు, గొంగడి, ఒక కొడవలి. కత్తిపీట మోసుకుపోయేంత చోటు ఉండదు, కొడవలి మాత్రం తప్పదు. పొద్దున దాంతోనే పొయ్యి కింది కంప కొట్టేవాళ్లు. సాయంత్రం ఆడవాళ్లు దాని పిడిని మడమ కింద తొక్కిపట్టి, అంచును పైకి నిలబెట్టి, ఉల్లిగడ్డ, వంకాయ, ఆకుకూర కోసేవాళ్లు. అదే కత్తిపీట అయిపోయింది. గుడిసె కట్టడానికి తాడు తెంపేది అదే, పురిట్లో బొడ్డు కోయడానికి కాల్చిందీ అదే. బాగా పదునున్న కొడవలి ఉన్న గుడిసె దగ్గర సాయంత్రమైతే జనం ఉండేవాళ్లు, అరువుకు. మస్టర్లో గైర్హాజరు వేయించుకున్నా ఊరుకునేవాళ్లు గానీ కొడవలి తిరిగివ్వకపోతే కొట్లాటే. మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఇనుము పని లేదు. జొన్నరొట్టె, తొక్కు, ఉల్లిగడ్డను బండ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు. ఉల్లిగడ్డను కత్తితో కోస్తే కళ్లకు నీళ్లొస్తాయి, గుద్దితే తియ్యగా ఉంటుందని మా నమ్మకం.

సున్నిపెంటలో పదునుకు కరువు లేదు. రాయి పని ఉన్న ప్రతిచోటా కొలిమి ఉండి తీరాలి, ఉలులూ గడ్డపారలూ రోజూ మొద్దుబారుతాయి. ఆ కొలిమి దగ్గర పొద్దు గూకాక ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకొని వరుస కట్టేవాళ్లు. పొగాకు ఇంత చేతిలో పెడితే పని అయ్యేది. డ్యాము 1981లో పూర్తయింది. వెనక మా దిక్కు ఊళ్లు చాలా మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు, మంచి పని చేశారు. మునిగిన ఊళ్ల కొలిములను ఎవరూ విప్పి తేలేదు. ఆ ఆచారులు కొందరు కర్నూలులో వెల్డింగు షాపుల్లో చేరారు, కొందరి పిల్లలు తలుపులు కిటికీలు చేసే పనిలో పడ్డారు. కత్తి పని అక్కడే ఆగింది.

మందలు తోలుకొని తిరిగే మా కురువోళ్లను చూసినా క్యాంపు కత్తి ఏందో తెలుస్తుంది. పొలంలో మంద పెట్టి అక్కడే పడుకుంటారు. పొడుగు గడకు కట్టిన కొడవలి ఒకటి, తుమ్మ కొమ్మ వంచి మేకలకు ఆకు కొట్టడానికి. నడుముకు చిన్న చాకు ఒకటి, గొర్రె గిట్టలు చెక్కడానికి, ముల్లు తీయడానికి, రాత్రి వండుకోవడానికి. మూడోది మోయరు. మోసే భుజం తమదే కాబట్టి ఏది అక్కరలేదో వాళ్లకు తెలుసు. కారు డిక్కీ ఉన్నవాడికి ఆ లెక్క తెలియదు.

జాతర క్యాంపు ఇంకో రకం. గద్వాల పక్కన జమ్మిచేడు జమ్ములమ్మకు మాఘమాసంలో బండ్లు కట్టుకొని పోయేవాళ్లం. చెట్టుకొక బండి, బండికొక పొయ్యి, పొయ్యికొక వేట. అక్కడ ఒక్క కత్తితో పని కాదు. కోసేదానికి పొడుగు కత్తి, తోలు తీసేదానికి కొస వంగిన చిన్నది, ఎముక కొట్టేదానికి బరువైన సత్తూర్. కోయడానికి ముల్లాసాబును పిలవడం మా ఊళ్లలో పాత మర్యాద. ఆయన కత్తి ఆయనదే, గుడ్డలో చుట్టుకొని తెచ్చేవాడు. అంచు పొడుగునా గోరు జరిపి ఎక్కడా నొక్కు లేదని చూసుకునేవాడు. మేక ముందర కత్తి నూరకూడదని, ఎంత తొందరపెట్టినా చెట్టు వెనక్కి పోయి నూరుకొచ్చేవాడు. ఆ నియమం నాకు ఇప్పటికీ గౌరవం. తోలు తీసే కత్తి మరీ పదునుగా ఉండకూడదు, ఉంటే తోలుకు చిల్లి పడుతుంది, తోలు కొనేవాడు సగం రేటే ఇస్తాడు. సత్తూర్ అంచు మందంగా ఉండాలి. సన్న అంచుతో ఎముక కొడితే చిన్న చిన్న పెంకులు లేచి కూరలో పడతాయి, పంటి కింద తగిలినప్పుడు గానీ తెలియదు. చింత మొద్దు కింద పెట్టాలి, వేపది పెడితే చేదు అంటుతుందని మా పెద్దలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. మనవడి చెక్క దిమ్మెలో ఏడు కత్తులున్నాయి, ఈ మూడింటి పని చేసేది ఒకటీ లేదు.

2009 అక్టోబరు వరదప్పుడు నేను చూసిన క్యాంపు మాత్రం ఎవరికీ వద్దు. తుంగభద్ర కర్నూలును ముంచింది, అలంపురాన్ని, రాజోలిని ముంచింది. బళ్లలో, గుళ్లలో జనం. దాతల లారీల్లో బియ్యం వచ్చాయి, పప్పు వచ్చింది, ఉల్లిగడ్డలు బస్తాలకు బస్తాలు వచ్చాయి. కత్తి పంపాలని ఎవరికి తోస్తుంది? గంజులు పొయ్యి మీదున్నాయి, ఉల్లిగడ్డ కోసే దిక్కు లేదు. ఒక ముసలామె చీరల మూట విప్పితే అందులో కత్తిపీట ఉంది. ఇల్లు విడిచేటప్పుడు ఏది తీసుకోవాలో తోచక చేతికందింది పట్టుకొచ్చిందట. ఆ ఒక్క పీట మీద ఆడవాళ్లు వంతులవారీగా కూర్చొని వందల మందికి కోశారు. వెనకాల కూర్చున్న ఒకామె చిన్న వంటచాకుతో మొదలుపెట్టి పిడి ఊడొచ్చి మానేసింది.

కొడవలి మాట ఎత్తితే ఇప్పటి పిల్లలు సినిమా పేరు చెబుతారు. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', ఆ తర్వాత వరసగా వచ్చినవన్నీ కర్నూలు సీమను తెర మీద వేటకొడవళ్లతో నింపేశాయి. నది దాటితే కర్నూలు కాబట్టి మాకూ ఆ మరక కొంత అంటింది. వేటకొడవలి అంటే వేట కోసేది, కంప నరికేది. హైదరాబాదులో కూతురింటికి పండక్కి పోతూ సంచిలో కొడవలి పెట్టుకున్నానని నన్ను బస్సులో ఒకాయన నాలుగు సీట్లు దూరం జరిగి చూశాడు. కొబ్బరికాయ కొట్టడానికి అన్నా నమ్మలేదు. ఆయుధాల చట్టం 1959 కింద రాసిన నిబంధనల్లోనే ఉంది, తొమ్మిది అంగుళాల కన్నా పొడుగో రెండంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల్లో లెక్కించినా, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవి అందులోకి రావని. చట్టం రాసినాయన ఇంట్లో కత్తిపీట ఉండి ఉంటుంది. ఆ బస్సాయన ఇంట్లో లేదు.

మా కాలం మిగిలిన చోటు ఒకటుంది, ఎండాకాలం మామిడికాయల అంగడి. కొల్లాపూరు కాయ రాగానే రోడ్డు పక్కన వరసగా కూర్చుంటారు. చెక్క పలక, దాని ఒక కొసకు బందుతో బిగించిన బరువైన కత్తి, రెండో కొసకు పిడి. ఎత్తి ఒక్కసారి దించితే టెంకతో సహా రెండు. మళ్లీ దించితే నాలుగు. ముక్కముక్కకూ టెంక అంటుకొని ఉండాలి, లేకుంటే తొక్కులో నాలుగు నెలలకే మెత్తబడుతుంది. ఇక్కడ మాత్రం ఏ స్టార్ల కత్తీ పనికిరాక, అపార్టుమెంటు వాళ్లు కూడా బకెట్లు పట్టుకొని వరసలో నిలబడతారు. నేను కాయలు లేకపోయినా పోయి కాసేపు చూసి వస్తాను.

సానకే అసలు కరువు. సైకిలు స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి, నిప్పురవ్వలు ఎగరేస్తూ సాన పట్టేవాళ్లు అప్పుడప్పుడు వస్తారు. వాళ్లలో పనిమంతుడు అంచును చక్రానికి అలా తాకించి ఇలా తీస్తాడు, మధ్యమధ్య నీళ్లలో ముంచుతాడు. పనిరానివాడు అదిమిపడతాడు, అంచు నీలం తిరుగుతుంది. ఆచారి చీకట్లో కూర్చొని ఏ రంగు రాకుండా కాపాడాడో ఆ రంగు అర నిమిషంలో వస్తుంది. ఆ కత్తి ఇక ఎంత నూరినా రెండు రోజులే. మనవడు ఇంకోటి తెచ్చాడు, గాడిలో కత్తి పెట్టి లాగితే పదునొస్తుందట. అది పదును పెట్టదు, ఇనుమును గీకి పడేస్తుంది. రాయి కావాలి. మా ఇంటి మెట్టు బండ నడుమ ఒక గుంట ఉంది, మూడు తరాల కత్తులు నూరిన గుంట. ఇల్లు కొత్తగా కట్టేటప్పుడు మేస్త్రి దాన్ని తీసి గ్రానైటు వేస్తానన్నాడు. గ్రానైటు నీ ఇంట్లో వేసుకోపో అన్నాను. రాయి దొరకని పట్నం వాళ్లకు ఒక ఉపాయం: పింగాణీ కప్పును బోర్లిస్తే అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది. నీళ్లు చల్లి, కత్తిని కాస్త వాల్చి, ఒకే వాలు చెడకుండా అటు పది, ఇటు పది. టమాటా మీద పెట్టి లాగి చూడండి.

ఏది కొనాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఇంటికి జానెడు కత్తి ఒకటి, ఏలెడు చాకు ఒకటి, మాంసం తినేవాళ్లయితే బరువైంది ఒకటి. మోకాళ్లున్నవాళ్లు కత్తిపీట చేయించుకోండి. అడవికి పోయేటప్పుడు ఒక్కటే, మడత లేనిది, రేకు పిడి చివరిదాకా పోయినది, తోలు ఒరలో. పిడి మీద రెండు మేకులు కనబడాలి. కనబడకపోతే లోపల ఏముందో అమ్మినవాడికీ తెలియదు. మనవడు ఇది విని, "దీన్ని వీడియో తీస్తా తాతా" అన్నాడు. తీస్తే తీయి, ముందు ఆ పన్నెండు వేల కత్తి ఇటివ్వు, రాయి మీద పెడతా అన్నాను. ఇచ్చాడు. ఉక్కు చెడ్డదేమీ కాదు, అచ్చు గీతలే దండగ.

కర్నూలు నుంచి సాన పట్టే ఆయన ఒకడు జాతరకు ముందు మా వీధికి వస్తానని ఫోను చేశాడు. నీళ్లలో ముంచి పట్టేవాడే, నేను చూశాను. కత్తులున్నవాళ్లు శుక్రవారం లోపల మా అరుగు మీద పెట్టి పోండి, పేరు రాసిన చీటీ కట్టి. పోయినసారి చీటీల్లేక రెండు కొడవళ్లు మారిపోయాయి, ఆ తగవు ఇంకా తెగలేదు.